ఎద్దుల తొట్టి నీళ్ళు

ఒక హోటలు కూలిపోతుంటే కళ్ళారా చూడాలని, డెబ్బై దాటిన వయసులో మోకాళ్ళ నొప్పులతో బస్సెక్కి పోయిన మనిషిని నేను. మా తమ్ముడి కొడుకు నాగేంద్ర ఫోన్ చేసి, "అత్తా, పెనుకొండ బజార్లో సీనప్ప హోటలు కొట్టేస్తాండారు. ఎల్లుండి గోడలు పడేస్తారంట. నువ్వు ఎప్పుడూ దాన్ని తిట్టుకుంటా ఉంటావు గదా, అందుకని చెప్తాండా" అన్నాడు. వాడు నవ్వులాటకే చెప్పాడు. నేను మాత్రం మర్నాడే అనంతపురం నుంచి బయల్దేరి మా పల్లెలో వాడి ఇంటికి చేరుకున్నాను. పొద్దున్నే అటక మీది నుంచి మా అవ్వ మరచెంబు దింపించి, చింతపండు పెట్టి తోమి, మా తోట బావి నీళ్ళు నింపి, మూత తిప్పి బిగించాను. ప్రయాణాలకు పనికొచ్చే పాత ఇత్తడి చెంబు అది. ఒక్క చుక్క బయటికి కారదు. "ఈ కాలంలో చెంబు మోసుకోని పొయ్యేదేంది అత్తా, ఆడ అడుగడుగునా నీళ్ళ బాటిళ్ళు అమ్ముతాండారు" అన్నాడు నాగేంద్ర. అమ్ముతారని నాకూ తెలుసు. మా అవ్వ ఆ ఊరి నీళ్ళు తాగేది కాదనీ, ఆమె తర్వాత నేనూ తాగలేదనీ వాడికి తెలియదు. వాడు పుట్టేసరికే అవ్వ పోయి చాలా ఏళ్ళయింది.

అవ్వ అంటే మా నాయన తల్లి, ఓబుళమ్మ. తాత చిన్న వయసులోనే పోతే సేద్యమంతా తన నెత్తిన వేసుకున్న మనిషి. తలకు ఆముదం, నోట్లో ఆకువక్క, నడుముకు తాళంచెవుల గుత్తి. ఆమె ఇంట్లో ఏ మూల ఉందో ఆ ఆముదం వాసనే చెప్పేది. తెల్లవారకముందే లేచి ముందు బావి దగ్గరికి పోయి, నీళ్ళు ఎంత లోతులో ఉన్నాయో తొంగి చూసి వచ్చిన తర్వాతే ఆమె దేవుడికి దండం పెట్టేది. మా తట్టు వానలు దేవుడి మీద ఆధారపడినవి, బావులు మన మీద ఆధారపడినవి అని ఆమె లెక్క. మా ఇంట్లో ఒక ఆచారం ఉండేది. గడపలోకి ఎవరు వచ్చినా, తెలిసిన మొగమైనా కాకపోయినా, ముందు చెంబుతో నీళ్ళు ఇవ్వాలి. వాళ్ళు తాగి మూతి తుడుచుకున్న తర్వాత మాత్రమే "యా ఊరప్పా?" అని అడగాలి. ఊరు ముందు అడిగితే, ఆ ఊరి పేరు విని నీళ్ళు ఇవ్వాలా వద్దా అని మనసు లెక్కలేస్తుందట. అందుకని నీళ్ళు ముందు, ఊరు తర్వాత. పగవాడికైనా నీళ్ళు లేదనకూడదని ఆమె మాకు అన్నం కలిపి పెట్టినట్టు చెప్పి చెప్పి పెట్టింది.

ఇక ఆమెకున్న ఒకే ఒక సరదా, జనాలకు పెనుకొండ చూపించడం. "హిందూపురం అమ్మేదానికి, ధర్మవరం కొనేదానికి, పెనుకొండ చూసేదానికి" అనేది. బెల్లం, చింతపండు హిందూపురం మండీకి పోయేవి. పెండ్లి చీరలకు ధర్మవరం పోయేవాళ్ళు. పెనుకొండకు మాత్రం పని లేకుండా పోవాలి. అమరాపురం నుంచి ఆమె చెల్లెలు వచ్చినా, ముదిగుబ్బ నుంచి వియ్యపురాలు వచ్చినా, వచ్చిన రెండో నాటికల్లా బండి కట్టించేది. సజ్జరొట్టెలు, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి, పెరుగన్నం గుడ్డల్లో మూటలు కట్టుకుని, బండి కింద నీళ్ళ కుండ వేలాడదీసి, దానికి తడి గోనెపట్టా చుట్టి, మరచెంబు తన ఒళ్ళో పెట్టుకుని ముందు కూర్చునేది. ఇరుసుకు పూసిన ఆముదమూ, ఆమె తలకు పూసిన ఆముదమూ కలిసి ఒకటే వాసన. అంబటేళకు, అంటే పొలంలో కూలివాళ్ళు అంబలి తాగే వేళకు, పెనుకొండ కోట ఎర్రమంచి గేటు కనిపించేది.

చూపించడంలో ఆమెకొక వరుస ఉండేది, అది తప్పకూడదు. మొదట గేటు దగ్గర నిలువెత్తు ఆంజనేయస్వామికి దండం. తర్వాత బాబయ్య దర్గాలో ఊదు పొగ కండ్లకు అద్దుకుని, నెమలి ఈకల కట్టతో వీపు మీద తట్టించుకోవడం. తర్వాత గగనమహలు. బయట నిప్పులు కురిసే ఎండ, లోపల కాలు పెడితే చలువ. ఆ చలువలో మమ్మల్నందర్నీ వరుసగా గోడకు ఆనుకుని కూర్చోబెట్టి, "రాజులు ఈడే కూచుంటాండ్రి ఎండాకాలము. ఇప్పుడు మనము కూచున్నాము. యా రాజన్నా వచ్చి లెయ్యమంటాడా?" అనేది. ఆ మాట కోసమే ఆమె అంత దూరం బండిలో వచ్చేదని నాకు అనిపిస్తుంది. ఆ తర్వాత అసలైన సంబరం, పెద్ద బజారు. గాజుల అంగళ్ళు, అత్తరు సీసాలవాళ్ళు, మల్లెమొగ్గలు మూర పెట్టి కొలిచేవాళ్ళు, రంగు రంగుల సోడాసీసాలు పేర్చిన బండి, వీధి మొదట్లో టెంటు సినిమా బొమ్మ అంటించిన అట్ట, చివర్లో ఫొటో తీసేవాడి గుడ్డ తెర, ఆ తెర మీద ఎవరూ ఎప్పుడూ చూడని ఒక సరస్సూ హంసలూ. సాయంత్రం స్టేషన్ కి పోయి బెంగుళూరు రైలు వచ్చేది, పోయేది చూసి వెనక్కి మళ్ళేవాళ్ళం. రైలెక్కాలని మాలో ఎవరికీ అనిపించేది కాదు. చూడటానికే వచ్చాం కదా.

ఆ బజారు మధ్యలో, ధర్మవరం నుంచి వచ్చి స్థిరపడిన వీరన్న చీరల అంగడికి ఎదురుగా, సీనప్ప కాపీ హోటలు. నునుపు రాతి బల్లలు, గోడకు నిలువుటద్దం, అల్మరా మీద రేడియో. లోపల కాపీ గింజలు వేయిస్తే ఆ వాసన దర్గా దాకా వచ్చేది. ఇత్తడి గ్లాసులో నుంచి గిన్నెలోకి, గిన్నెలో నుంచి గ్లాసులోకి ఎత్తి పోస్తే పైన నురుగు గుబురుగా లేచేది. ఆ నురుగు రుచి ఎట్లా ఉంటుందో అని నేను రాత్రిళ్ళు పడుకుని ఆలోచించేదాన్ని. "పెద్దదానివైనాంక తాగుదువులే" అని అవ్వ వాయిదా వేస్తూ వచ్చింది. సీనప్ప గల్లాపెట్టె వెనక, నుదుటికి గంధం పెట్టుకుని, తెల్లని పంచెలో కూర్చుని ఉండేవాడు. హోటలు బయట రోడ్డు వారన ఒక రాతి తొట్టి. సంతకు వచ్చే బండ్ల ఎద్దులు అందులో నీళ్ళు తాగేవి.

నాకు ఎనిమిదేళ్ళో తొమ్మిదేళ్ళో ఉంటాయి. ఆ రోజు నడి వేసవి. వంకలో దిగేటప్పుడు బండి కుదుపుకు కింద కట్టిన కుండ పగిలిపోయింది. మరచెంబులో ఉన్నది దర్గా చేరేలోపల అయిపోయింది. నాకు దారిలోనే ఒళ్ళు కాలడం మొదలైంది. బజారు చేరేసరికి నాలుక అంగిలికి అతుక్కుపోయి మాట రావడం లేదు. అవ్వ నా చెయ్యి పట్టుకుని, ఎదురుగా కనిపించిన హోటల్లోకి ఎక్కింది.

"అప్పా, బిడ్డకు జరమొచ్చి నాలిక పీక్కపోతాండాది. ఒక్క లోటా నీళ్ళు ఇయ్యి" అంది.

సీనప్ప మా కాళ్ళకేసి చూశాడు. మోకాళ్ళ దాకా ఎర్ర దుమ్ము. "దుడ్లు పెట్టి కాపీ తాగినోళ్ళకు నీళ్ళు ఇస్తామమ్మా. ఉత్త నీళ్ళకు ఇదేం సత్రము కాదు" అన్నాడు.

"కాపీ తాగే పానంగా ఉండాదా అది? నీళ్ళకు లేదంటారా అప్పా యాడన్నా?"

అతను చెయ్యి చాపి బయటికి చూపించాడు. "బండి కట్టుకోని వచ్చినారు గదా. ఎద్దులు తాగే తొట్టి ఆడుండాది. అవి తాగినాంక మిగిల్తే మీరూ తాగండి."

బల్లల దగ్గర కూర్చున్నవాళ్ళు నవ్వారు. ఒకడికి నవ్వులో కాపీ పొలమారింది కూడా. అవ్వ కొంగున దుడ్లు లేక కాదు, ఆ హోటల్లో ఉన్నవాళ్ళందరికీ కాపీలు తాగించేంత ఉన్నాయి. కానీ ఆమె కొంగు ముడి విప్పలేదు. నవ్వు తగ్గేదాకా అక్కడే నిలబడి ఒక్కొక్కడి మొగం చూసింది. తర్వాత నన్ను ఎత్తుకుని బయటికి వచ్చి, ఆ తొట్టి గట్టు మీద చెయ్యి పెట్టి చెప్పింది. "ఇనుకో మే. ఈ ఊరి నీళ్ళు ఇంగ నా గొంతులో దిగవు." ఎదురంగడి నుంచి వీరన్న చెంబుతో నీళ్ళు తీసుకుని పరిగెత్తుకుంటూ వచ్చాడు, కానీ అప్పటికే ఒట్టు పడిపోయింది. ఆమె ఆ చెంబుకు దండం పెట్టి వెనక్కి పంపింది. నాకు సంతలో లేత టెంకాయ ఎలనీరు కొట్టించి తాగించింది. తాను మాత్రం ఇల్లు చేరేదాకా పెదవి తడుపుకోలేదు. బండిలో నేను ఆమె ఒళ్ళో పడుకుంటే, జ్వరం నాకు ఉందో ఆమెకు ఉందో తెలియనంత వేడిగా ఉంది ఆ ఒళ్ళు.

కోపం వస్తే ఊరికి పోవడం మానేస్తారు ఎవరైనా. అవ్వ మానలేదు. "వాడు అన్నాడని రాజుల ఊరు వదులుకోవాల్నా?" అని ఎప్పటిలాగే చుట్టాలను తీసుకుని పోయేది. అదే వరుస, అదే గగనమహలు చలువ, అదే బజారు. నీళ్ళు మాత్రం అన్నీ మా బావివి. కుండలు రెండయ్యాయి. ఆ ఒట్టు ఆమె ఒక్కదానిదే అయినా, ఆమె వెంట వచ్చినవాళ్ళందరికీ అంటుకుంది. దాంతో మా తల ప్రాణం తోకకు వచ్చింది. బజారులో నోరూరించేది ఏది కనిపించినా, అందులో ఈ ఊరి నీళ్ళు ఉన్నాయా లేదా అని అవ్వ దగ్గర తీర్పు తెచ్చుకోవాలి. సోడా? "నీళ్ళే గదా, గ్యాసు పెట్టినారు." షర్బత్తు? "రంగు పోసిన నీళ్ళు." పుల్లైసు? దీనికి నేను చాలా వాదించాను, అది నీళ్ళు కాదు, గట్టిగా ఉంటుంది, కొరుక్కుని తింటారు అని. "గడ్డ కట్టినంత మాత్రాన నీళ్ళు కాకుండా పోతాదా మే?" అని తేల్చేసింది. బజ్జీలు వద్దు, పిండి దేంతో కలిపినాడు? జిలేబీ వద్దు, పాకం దేంతో పట్టినాడు? బొరుగులు, వేయించిన శనగలు, బెల్లం అచ్చు తినొచ్చు. ఎలనీరు తాగొచ్చు, టెంకాయలు అమరాపురం తట్టువి కాబట్టి. పూలవాడు మల్లెల మీద నీళ్ళు చిలకరిస్తాడు కదా అని ముదిగుబ్బ వియ్యపురాలు ఎకసెక్కానికి అడిగితే, అవ్వ నిజంగానే కాసేపు ఆలోచించి, "తలలో పెట్టుకునేది గొంతులో దిగదు, పెట్టుకో" అంది. గుడిలో తీర్థం మాత్రం ఊరిది కాదు, దేవుడిది. ఉద్ధరిణెడు తీర్థం కోసం నేను మళ్ళీ మళ్ళీ వరుసలో నిలబడేదాన్ని. పూజారి ఒకసారి నన్ను గుర్తుపట్టి, "ఎన్నిసార్లు వస్తావు పాపా, ఇది గుడా బావా?" అన్నాడు.

ఆ సంవత్సరాలన్నీ నేను ఆ బజారును కండ్లతో తిన్నాను. నా వయసు పిల్లలు సోడా బుడ్డి లోపలి గోలీ టప్పున కొట్టించి, ముక్కుల్లో మంట పుట్టి నవ్వుతుంటే, నేను శనగలు నములుతూ నిలబడేదాన్ని. అయినా నాకు అవ్వ మీద కోపం రాలేదు. వచ్చిన కోపమంతా గల్లాపెట్టె వెనక కూర్చున్న ఆ తెల్ల పంచె మీదే. ఆ మనిషి జారి పడాలని, ఆ రేడియో పగలాలని, ఆ అద్దం నిలువునా చీలిపోవాలని నేను ఆంజనేయస్వామికి గేటు దగ్గరే చెప్పుకుని లోపలికి వచ్చేదాన్ని. చిన్నపిల్లలకు పగ ఉండదంటారు. నాకు ఉండేది, నాతో పాటు ఎదిగింది.

మూడో నాలుగో ఏళ్ళు గడిచాక ఒక వేసవి, వానలు బొత్తిగా మొగం చాటేశాయి. పెనుకొండ బజారులో బావులు ఒక్కొక్కటే అడుగంటాయని సంతకు పోయి వచ్చిన మా బండి తోలే హనుమంతు చెప్పాడు. సీనప్ప పెరట్లో బావిలో ఇంకా నీళ్ళు ఉన్నాయట. కాపీ తాగితేనే గ్లాసు నీళ్ళు అని అతను బోర్డు కూడా రాయించాడట. దప్పికకు తాళలేక జనం అక్కడికే ఎగబడుతున్నారట. అవ్వ విన్నది. నములుతున్న ఆకువక్క ఉమ్మేసింది. తర్వాత నాయనను పిలిచి, "రేపటి నుంచి పెనుకొండలో మనము నీళ్ళ పందిలి పెడతాండాము. రెండు బండ్ల మీద పీపాలు కట్టించు" అంది.

నాయన నిర్ఘాంతపోయాడు. "మనకే మిరపమడికి నీళ్ళు చాల్లేదు. ఆడికి తోలితే మడి ఎండిపోతాదమ్మా. ఆ ఊరోళ్ళకు ఆ ఊర్లోనే యాడన్నా తోడి పోస్తే పోతాది గదా."

"ఆ ఊరి నీళ్ళు నేను పొయ్యను."

"వాడెవడో ఒక మాట అన్నాడని పచ్చని మడి ఎండగడతావా?"

"మడి మళ్ళా వానొస్తే పచ్చగయితాది. ఆ మాటకు యా వాన పడాల?" అంది అవ్వ. నాయన తల గోక్కుంటూ వడ్రంగి ఇంటికి పోయాడు. ఆ ఏడు మేము సంగటిలోకి ఎండు మిరపకాయలు కొనుక్కుని తిన్నాం. ఎవరైనా అది పుణ్యకార్యం అనుకుంటే అనుకోవచ్చు. పుణ్యం సంగతి నాకు తెలియదు, అవ్వ కండ్లలో ఉన్నది మాత్రం పుణ్యం కాదు.

పందిలి వీరన్న చీరల అంగడి అరుగు మీద పడింది, హోటలుకు సరిగ్గా ఎదురుగా. వీరన్న అడిగిన వెంటనే ఒప్పుకున్నాడు. ఇసుక పోసి, దాని మీద కొత్త కుండలు పెట్టి, తడి గుడ్డలు చుట్టి, వట్టివేళ్ళు వేశారు. ఒక కుండలో మజ్జిగ, అందులో కరివేపాకు, దంచిన అల్లం, ఉప్పు. మొదటి రోజు పీపాలు దించగానే జనం చుట్టూ మూగారు. అవ్వ అందర్నీ ఆగమని, ముందు రెండు బిందెలు తీసుకుని రోడ్డు దాటి, ఎండిపోయి ఉన్న ఆ ఎద్దుల తొట్టి నింపింది. సీనప్ప గల్లాపెట్టె దగ్గర నుంచి చూస్తున్నాడు. "మాకు చూపిచ్చిన తొట్టి. మొదుట దానికే" అని నాతో మెల్లగా చెప్పి, తిరిగి వచ్చి కుండల వెనక పీట వేసుకుని కూర్చుంది. అప్పట్లో చలివేంద్రంలో గ్లాసులు ఇవ్వరు. వచ్చినవాళ్ళు నడుము వంచి దోసిలి పడితే, లోటాతో పైనుంచి ధారగా పోస్తారు. ఎవరు వచ్చినా అంతే, ఊరూ పేరూ అడగకుండా పోసేది. తాగి మూతి తుడుచుకున్నాక మాత్రం, "యా ఊరప్పా?" అని అడిగేది.

వారం తిరిగేసరికి హోటల్లో బల్లలు ఖాళీ అయ్యాయి. దాహానికి కాపీ తాగేవాళ్ళు నిజానికి ఎంత మంది ఉన్నారో అప్పుడు తెలిసింది. సీనప్ప ఊరుకోలేదు. పల్లె బావి నీళ్ళలో కప్పపిల్లలు ఉంటాయని పుకారు పుట్టించాడు. అవ్వ బజారు నడిమధ్య ఒక లోటా ఎత్తి పట్టి, గటగటా తాగి చూపించింది. రోడ్డుకు అడ్డమని ఒక పోలీసును పంపించాడు. ఆ పోలీసు రావడం రావడమే దోసిలి పట్టి, కడుపు నిండా మజ్జిగ తాగి, తన ఊరు చెప్పి, దేనికి వచ్చాడో మరిచిపోయి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకు సీనప్ప పెరట్లో బావి కూడా బురద తేలింది. హోటలు మధ్యాహ్నానికే తలుపులు వేస్తోంది.

ఒక రోజు ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు అతను రోడ్డు దాటి వచ్చాడు. తెల్ల పంచె నలిగి ఉంది. పెదాలు పొక్కిపోయి ఉన్నాయి. అరుగు చుట్టూ ఉన్న జనం తప్పుకుని దారి ఇచ్చారు. ఇప్పుడు అవ్వ చెయ్యి చాపి తొట్టి చూపిస్తుంది, చూపించాలి, దేవుడా చూపించేట్టు చెయ్యి అనుకున్నాను. అతను నిలబడ్డాడు. కాసేపు నీళ్ళు నమిలాడు. తర్వాత నడుము వంచి దోసిలి పట్టాడు. అవ్వ లోటా ముంచి పోసింది. ధార తెగకుండా, అతను చాలని తల ఆడించేదాకా పోసింది. అతను నిటారుగా లేచి మూతి తుడుచుకున్నాడు. అప్పుడు అవ్వ, జన్మలో ఎప్పుడూ ఆ మనిషిని చూడనట్టు, దారిన పోయే బాటసారిని అడిగినట్టు, బజారంతా వినేట్టు అడిగింది.

"యా ఊరప్పా మనది?"

సీనప్ప మొగం నల్లబడింది. "నేనమ్మా, సీనప్పను. ఎదురు హోటలు."

"అట్లనా. కండ్లు సరిగా ఆనవప్పా నాకు. ఈ ఊరాయనవేనా? ఈ ఊరోళ్ళకే నీళ్ళు దొరక్కపోతే ఎట్లప్పా, పాపము. రాజులు బావులు తవ్విచ్చిన ఊరు." అదే మెత్తని గొంతుతో, "నీ హోటలుకు గూడా బిందెలు పంపిస్తాలే. లోపలికి వచ్చినోళ్ళకు మొదుట ఈ నీళ్ళు ఇయ్యి. కాపీ తరవాత" అంది. అతను సరేనని తల ఊపాడు. ఆ వేసవంతా సీనప్ప హోటల్లో జనం తాగినవి మా బావి నీళ్ళు. బోర్డు తీసేశారు. సప్లయర్లు "ఓబుళమ్మ నీళ్ళు ఒకటి" అని కేకలు వేస్తుంటే, గల్లాపెట్టె వెనక అతను తల వంచుకుని చిల్లర సర్దుకునేవాడు. ఆ కేకలు ఈ రోజుకీ నా చెవులకు సంగీతం.

అతను దోసిలి పట్టిన మర్నాడే, తనే స్వయంగా ఇత్తడి గ్లాసూ గిన్నే పట్టుకుని వచ్చాడు. "పాపకు కాపీ. మీ నీళ్ళతోనే కాసిందమ్మా" అన్నాడు. నురుగు అంచు దాకా ఉంది. అన్నేళ్ళుగా నేను కలలో తాగిన కాపీ నా మొగానికి జానెడు దూరంలో పొగలు కక్కుతోంది. అవ్వ నా వైపు చూసి, "నా ఒట్టు నాది, నీ గొంతు నీది. నీ ఇష్టము" అంది. నాకు నోట్లో నీళ్ళు ఊరాయి. ఆ నీళ్ళు మింగి, "తొట్టిలో పొయ్యి సామీ. మేము ఆడ తాగుతాము" అన్నాను. సీనప్ప గ్లాసు వెనక్కి తీసుకుంటుంటే, నురుగు అంచు దాటి వేళ్ళ మీద కారింది. అవ్వ నా తొడ మీద మెల్లగా గిల్లింది, పెద్దవాళ్ళను అనకూడదు అన్నట్టు. ఆ రోజు ఇంట్లో నా సంగటి ముద్ద గుంటలో నెయ్యి మాత్రం పొంగి పొర్లింది.

ఇదంతా తలుచుకుంటూ మొన్న పెనుకొండ బస్టాండులో దిగాను. గగనమహలు ముందు కుర్రవాళ్ళు తమ ఫొటోలు తామే తీసుకుని, లోపలి చలువలో ఒక్క నిమిషమైనా కూర్చోకుండా బండ్లెక్కి పోతున్నారు. బజారులో గాజుల అంగళ్ళ చోట ఫోన్ల అంగళ్ళు. ప్రతి అంగడి ముందూ నీళ్ళ క్యాన్లు పేర్చి ఉన్నాయి. ఊరు ఊరంతా నీళ్ళు కొనుక్కుని తాగుతోంది, అది ఎవరికీ సిగ్గుగా లేదు. వీరన్న అంగడి ఉన్న చోట బ్యాంకు. ఎదురుగా, పొడవాటి ఇనప చెయ్యి ఉన్న యంత్రం సీనప్ప హోటలు గోడను తోస్తోంది. పై కప్పు అప్పటికే లేదు. నిలువుటద్దం ఉన్న గోడ పక్కకు ఒరిగి, దభీమని కూలి, ఎర్రటి దుమ్ము లేచింది. నేను ఊహించుకున్నంత హాయి కలిగింది. దాచుకోవడం ఎందుకు? ఇంకా కొంచెం గట్టిగా పడి ఉంటే బాగుండేది అనిపించింది. రోడ్డు వారన రెండు ముక్కలైన రాతి తొట్టి బోర్లా పడి ఉంటే, కాళ్ళు లాగుతున్నాయని దాని మీదే కూర్చున్నాను.

పని చేయిస్తున్న ఒకాయన నన్ను చూసి వచ్చాడు. ముప్పై అయిదు, నలభై మధ్య ఉంటాయి, నుదుటికి గంధం. "అవ్వా, ఎండలో కూచుంటివే. అది ఎద్దుల తొట్టి, దుమ్ము అంటుకుంటాది, లే" అని, ప్లాస్టిక్ కుర్చీ తెప్పించి నీడలో వేయించాడు. నా చేతిలో నీళ్ళ బాటిల్ పెట్టాడు. నేను దాన్ని చేత్తో పట్టుకోగానే అడిగాడు, "యా ఊరవ్వా మీది?" అని.

నీళ్ళు ముందు, ఊరు తర్వాత. "ఎవరు నాయనా నీకీ మర్యాద నేర్పింది?" అన్నాను.

"మా తాతవ్వా. సీనప్ప అని, ఈ హోటలు ఆయనదే. ఎవురొచ్చినా మొదుట నీళ్ళు ఇయ్యాల, తరవాతనే ఊరు అడగాల అంటాండె. మా ఇంట్లో చిన్నపిల్లోళ్ళు గూడా అదే చేస్తారు."

"మీ తాతకు ఎవరు నేర్పినారంట?"

"ఎవురో పల్లెటామె అంట. పేరు ఎప్పుడూ చెప్పలేదు."

అప్పుడు వచ్చింది నాకు అసలైన కోపం. మా ఇంటి ఆచారాన్ని ముని మనవల దాకా వాడుకున్నాడు కానీ, ఆమె పేరు నోట రానివ్వలేదు. ఆ యంత్రం చప్పుడులో గొంతు పెంచి, పగిలిన కుండ దగ్గర నుంచి దోసిలి దాకా మొత్తం చెప్పాను. వాళ్ళ తాత అన్న మాటను ఆయన అన్నట్టే, చెయ్యి చాపి, తొట్టి చూపిస్తూ చెప్పాను. కూలివాళ్ళు పలుగులు ఆపి విన్నారు. అతను తల వంచుకున్నాడు. అచ్చం వాళ్ళ తాత లాగే.

"ఆమె పేరు ఓబుళమ్మ. అను" అన్నాను.

"ఓబుళమ్మ" అన్నాడు.

"గట్టిగా."

"ఓబుళమ్మ" అన్నాడు, కూలివాళ్ళకు వినిపించేట్టు. తర్వాత, "మా తాతది తప్పే అవ్వా. ఆయన తరపున నేను అడుగుతాండా, ఇంగ మనసులో పెట్టుకోవద్దు. ఆ నీళ్ళు తాగు" అని రెండు చేతులూ జోడించాడు.

మంచి పిల్లవాడే. అతని మీద నాకేం లేదు. కానీ బాటిల్ మూత తీయకుండానే తిరిగి అతని చేతిలో పెట్టాను. "నువ్వు అడిగినావు, బాగుంది నాయనా. కానీ ఒట్టు పెట్టింది ఆమె. విడిచిపెట్టాలంటే ఆమే విడిచిపెట్టాలి. ఆమె లేదు. ఇంక దాన్ని విడిపించేవాళ్ళు ఎవరూ లేరు" అన్నాను. మిగిలిన గోడ కూడా కూలింది. నేను కుర్చీలో నుంచి లేచి మళ్ళీ ఆ తొట్టి రాయి మీదికే పోయి కూర్చున్నాను. సంచిలో నుంచి మరచెంబు తీసి, మూత తిప్పి, తల వెనక్కి వాల్చి, మా బావి నీళ్ళు ధార తెగకుండా తాగాను.